బ్యాటు వదలని సుబ్బన్న

మార్చి 12, 2000. ఆదివారం

కళావతి ఆంటీ వాళ్ళ పెరట్లో ఈ మధ్యాహ్నం బార్బెక్యూ. ఆ పెరట్లోని రెండు గదుల వాటా, గ్రానీ ఫ్లాటే నా అద్దె ఇల్లు కాబట్టి తప్పించుకునే దారి లేదు. నగరం చివర ఈ క్వేకర్స్ హిల్‌లోని తెలుగువాళ్ళంతా వచ్చినట్టున్నారు. మగవాళ్ళు కాంట్రాక్టుల గురించి, ఆడవాళ్ళు కొత్త ఇళ్ళ గురించి, పిల్లలు దేని గురించైనా సరే ఇంగ్లిష్‌లో. ఆంటీ భర్త వాసుదేవరావు అంకుల్ నన్ను ఎవరికో చూపించి, "ఉబైద్ అని, మన నెల్లూరే. యూనిలో మల్టీమీడియా" అన్నాడు. సినిమా కోర్సు అని చెప్పడానికి ఆయనకు నామోషీ. మా నాన్నకు నేను చెప్పిందీ మల్టీమీడియా అనే. నాకు ఉడుక్కునే హక్కు లేదు.

"జావా వచ్చా?" అన్నాడు ఆ పెద్దమనిషి.

"రాదండీ. బేస్‌బాల్ వచ్చు."

ఆయన పళ్ళెంలో చికెన్ ముక్క వైపు చూసుకున్నాడు. పెరట్లో క్రికెట్ మొదలైంది. నన్ను పిలిచారు. కాలు నొప్పని చెప్పి లోపలికొచ్చి ఇది రాస్తున్నాను. కాలికి ఏ నొప్పీ లేదు.

బేస్‌బాల్ వచ్చు అనడమూ అబద్ధమే. చదవడం వచ్చు. ట్రంకు రోడ్డులో మా నాన్న పాత పేపర్ల కొట్టుకి ఒకసారి మిషన్ ఆస్పత్రి లైబ్రరీ వాళ్ళు అమెరికా బొమ్మల పత్రికలు బస్తాల కొద్దీ వేశారు. నలభయ్యారు నుంచి యాభై ఎనిమిది దాకా వచ్చిన సంచికలు. నున్నటి కాగితం, పొట్లాలకు పనికిరాదు. "నువ్వు తీసుకో" అన్నాడు నాన్న. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు, బంగాళాదుంప పొలాల్లో ఒకే అచ్చులో పోసినట్టు లేచిన ఇళ్ళు, ఫ్రిజ్ పక్కన నవ్వే ఆడవాళ్ళు, ప్రతి సంచికలోనూ బేస్‌బాల్. ఇంగ్లిష్ రాకముందే నాకు ఆ ఆట వచ్చేసింది.

ఈ ఊరికి వచ్చిన మొదటి రోజు స్టేషన్‌లో దిగి చూస్తే అవే ఇళ్ళు. నిన్న మొన్నటిదాకా ఆవులు మేసిన బీళ్ళలో వరసగా, అన్నీ ఒక్కలాగే. నా పత్రికలోకి అడుగుపెట్టినట్టు అనిపించింది. ఎవరికన్నా చెబుదామని పక్కకు చూస్తే ఎవరూ లేరు.

మార్చి 20, సోమవారం

హెలెన్ మా ట్యూటర్. నా ఫైనల్ సినిమా కోసం రాసిచ్చిన కాగితం చదివి అడిగింది: "ఇందులో నువ్వెక్కడ? ఇండియా నుంచి వచ్చిన అబ్బాయి యాభైల నాటి అమెరికా గురించి ఎందుకు తీయాలి?" అమెరికావాడు నెల్లూరు గురించి తీస్తే ఎవరూ అడగరుగా అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది. మళ్ళీ రాసుకుని రమ్మంది.

మార్చి 26, ఆదివారం

ఫ్లాట్‌లో రెండో గదికి మనిషి వచ్చాడు. పేరు సుబ్బు, ఊరు కావలి. నాకన్నా ఏడేళ్ళు పెద్ద. రెండు వేల సంవత్సరం తేదీకి కంప్యూటర్లు తికమకపడి జనవరి ఒకటిన లోకం మునిగిపోకుండా కాపాడిన కోబాల్ ప్రోగ్రామర్ వీరుల్లో ఒకడు. లోకం మునగలేదు. లీపు రోజు ఫిబ్రవరి ఇరవై తొమ్మిది కూడా క్షేమంగా దాటింది. మార్చి ఒకటిన ఇక మీ అవసరం లేదన్నారు. ఇప్పుడు తెల్లవారుజాము నుంచి కోళ్ళ ఫ్యాక్టరీలో ప్యాకింగ్.

నీలిమ అని భార్య. పెళ్ళయి పద్నాలుగు నెలలు, కలిసి ఉన్నది మూడు వారాలు. సరైన ఉద్యోగం దొరికితేనే ఆమెను తీసుకురాగలడు. ఫొటో చూపించాడు.

"ఉద్యోగాల ఏజెన్సీల వాళ్ళకి ఈ ఇంటి నంబరు ఇచ్చినా అబ్బయ్యా. నేను లేనప్పుడు ఫోనొస్తే కాస్త తీయి" అన్నాడు. తీస్తానన్నాను.

పక్క గదిలో మనిషి దగ్గుతుంటే ఇల్లు ఇల్లులా ఉంది.

ఏప్రిల్ 9, ఆదివారం

సుబ్బన్నకు పత్రికలు చూపించాను. నెల్లూరు నుంచి బట్టలు తగ్గించుకుని మోసుకొచ్చిన పదకొండు సంచికలు. ఇంతవరకూ ఎవరికీ చూపించలేదు. నలభై ఏడులో పెద్ద లీగులోకి అడుగుపెట్టిన మొదటి నల్ల ఆటగాడి ఫొటో దగ్గర చాలాసేపు ఆగాడు.

"చుట్టూ ఇంతమంది ఉన్నారు, వీడు ఒక్కడే ఉన్నట్టున్నాడేందిరా" అన్నాడు.

పద్నాలుగేళ్ళుగా ఆ ఫొటో చూస్తూ నేను అనుకునే మాట అదే. నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఉల్లిపాయలు తరుగుతున్నానని చెప్పాను. నిజంగానే తరుగుతున్నాను.

ఏప్రిల్ 16

ఓవల్ మైదానంలో సుబ్బన్నకు బేస్‌బాల్ నేర్పాను. పుస్తకంలో చదివి ఈత నేర్పినట్టే. చెయ్యి మాత్రం మహా చెయ్యి. కావలి జవహర్ భారతి కాలేజీ తరఫున ఫాస్ట్ బౌలరట.

ఏప్రిల్ 30, ఆదివారం

శీతాకాలం లీగులో ఆడే ఒక క్లబ్బులో మనుషులు తక్కువయ్యారు. ట్రెవర్ అని కోచ్, ప్లంబర్. సుబ్బన్న విసిరిన బంతి చూసి వెంటనే తీసుకున్నాడు. నన్ను చూసి, "నువ్వు కెమెరా పట్టుకో" అన్నాడు.

చిక్కల్లా బ్యాటు దగ్గరే. బంతి తగలగానే బ్యాటు కింద పడేసి మొదటి బేస్ వైపు పరుగెత్తి, బంతి అక్కడికి చేరేలోపు నేల మీది ఆ దిండు మీద కాలు పెట్టాలి. సుబ్బన్న బ్యాటు పట్టుకునే పరుగెత్తుతాడు. "డ్రాప్ ఇట్, మేట్" అని ట్రెవర్ గొంతు చించుకున్నాడు. పది సార్లు కొడితే పది సార్లూ బ్యాటుతోనే పరుగు.

"చేతిలో లేకపోతే గుడ్డలు లేకుండా పరిగెత్తినట్టుంది అబ్బయ్యా" అన్నాడు.

ఇదే నా సినిమా అని అప్పుడు తెలిసింది. సైనికుల కోసం కట్టినట్టున్న ఇళ్ళ మధ్య మైదానం. అందులో కోబాల్ వాడు, బ్యాటు వదలకుండా పరుగు. ఇంటికొచ్చి ఒక్క పేజీ రాశాను.

మే 4

హెలెన్ ఒప్పుకుంది. "ఇప్పుడు నువ్వు కనబడుతున్నావు" అంది. నేనెక్కడున్నాను అందులో, ఉన్నది సుబ్బన్న.

మే 11, గురువారం

యూనివర్సిటీ కెమెరా ఇరవయ్యో తేదీ శనివారానికి నా పేరు మీద ఖాయమైంది. ఆ రోజు మ్యాచ్. గడియారంలా కీ ఇచ్చే పాతకాలం సినిమా కెమెరా, ఒకసారి కీ ఇస్తే అర నిమిషం కూడా ఆడదు. శబ్దం రికార్డు కాదు. నాకిచ్చేది ఒక్కటే రీలు, మూడు నిమిషాల లోపు. తర్వాత సెమిస్టర్ అయ్యేదాకా కెమెరా దొరకదు.

సుబ్బన్న ఫ్యాక్టరీ నుంచి రాగానే బూట్లు విప్పకుండానే రోజూ అడిగే మాట అడిగాడు. "ఫోనేమైనా వచ్చిందా?"

"రాలేదన్నా."

"సరే. టీ పెట్టు."

మే 15, సోమవారం

పొద్దున ఏజెన్సీ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. సుబ్బన్న కోసం. మెల్‌బోర్న్‌లో ఇన్సూరెన్స్ కంపెనీ, జులై నుంచి ఇక్కడ వచ్చే కొత్త పన్ను జీఎస్టీకి పాత ప్రోగ్రాములు మార్చాలి, కోబాల్ తెలిసినవాళ్ళు వెంటనే కావాలి. మెయిల్ పంపితే తిరిగొచ్చిందట, ఆయన పాత ఆఫీసు మెయిల్ ఐడీ. బుధవారం లోపు ఫోన్ చేయమని చెప్పండి అంది. నంబరు రాసుకున్నాను.

సాయంత్రం సుబ్బన్న వచ్చాడు. అడిగాడు. రాలేదన్నా అన్నాను.

ఎందుకన్నానో. నోటికి అలవాటైన మాట ముందు వచ్చేసింది, అంతే. అన్నం తినేటప్పుడు చెబుతాను.

మే 15, తర్వాత

అన్నం తినేటప్పుడు ఆయన శనివారం మ్యాచ్ గురించి ఉత్సాహంగా మాట్లాడుతున్నాడు. మధ్యలో ఎలా చెప్పేది. రేపు చెబుతాను.

మే 16

బ్రూక్లిన్ బేస్‌బాల్ జట్టు గురించి హెలెన్‌కు రెండు పేజీలు రాసివ్వాలి. అందుకే ఇవాళ తీరిక లేదు.

యాభై ఏడులో ఆ జట్టు ఊరు వదిలి కాలిఫోర్నియా పోయింది. పెద్ద జట్టు అలా ఎగిరిపోతుందని జనం అనుకోలేదు. చివరి ఆటకు జనం పల్చగా వచ్చారట. పోతున్నామని పైకి చెప్పింది సీజన్ అయిపోయాకే. మూడేళ్ళకు మైదానం కూలగొట్టారు. గోడలు కొట్టే ఇనుప గుండుకు బేస్‌బాల్ బంతిలా రంగు వేశారు. ఎవరికి వచ్చిందో ఆ ఆలోచన. ముందే తెలిసి చెప్పకపోవడం ఎంత అన్యాయం. ఊరివాళ్ళు ఏమైపోవాలి, ఆదివారం సాయంత్రాలు ఎవరితో గడపాలి.

రెండు పేజీలు అనుకున్నది నాలుగు పేజీలయింది.

మే 17, బుధవారం

ఆవిడ బుధవారం అన్నది గానీ అలాంటివాళ్ళు గడువు ముందుకి పెట్టే చెబుతారు. వారం చివరిదాకా ఆగుతారు. శనివారం మ్యాచ్ అవగానే చెప్పేస్తాను. సోమవారం పొద్దున్నే ఆయన ఫోన్ చేసుకుంటాడు. ఇందులో పోయేదేమీ లేదు.

సినిమా కోసమే ఇదంతా. వేరే ఏమీ లేదు.

మే 18

ఫోనేమైనా వచ్చిందా. రాలేదన్నా.

మే 20, శనివారం

తీశాను. రీలంతా అయిపోయింది.

సుబ్బన్న ఫ్యాక్టరీ నుంచి తిన్నగా మైదానానికే వచ్చాడు. జెర్సీ పొట్ట దగ్గర బిగుతు, చేతుల దగ్గర వదులు. నాలుగో ఇన్నింగ్స్‌లో బంతి బాగా తగిలింది. నేను స్టాండు మీంచి కెమెరా తీసి చేత్తో పట్టుకుని ఆయన వెంట తిప్పాను. ట్రెవర్ అరుస్తూనే ఉన్నాడు. సుబ్బన్న బ్యాటుతోనే పరుగు. బేస్ దగ్గరికి చేరాక ఏం చేశాడంటే, క్రికెట్‌లో క్రీజులో పెట్టినట్టు వంగి బ్యాటు చాచి బేస్‌కి ఆనించాడు. కాలు పెట్టలేదు. అవతలివాడు బంతి అందుకుని తీరిగ్గా బేస్ తొక్కాడు. అవుట్. సుబ్బన్న అంపైర్‌కి బ్యాటు చూపించి, "ఐ యామ్ ఇన్, ఐ యామ్ ఇన్" అంటున్నాడు. రెండు జట్లూ పడీ పడీ నవ్వాయి. ఆయనా నవ్వుకుంటూ నా వైపు నడిచొచ్చాడు. అదంతా ఒకే షాట్‌లో పట్టాను.

ఇంత సంతోషం ఎప్పుడు పడ్డానో గుర్తులేదు. సాయంత్రం ట్రెవర్ ఇంట్లో అందరికీ బార్బెక్యూ. నేను హలాల్ మాత్రమే తింటానని ట్రెవర్ భార్య నాకు విడిగా చేపలు కాల్చింది. సుబ్బన్న అందరికీ కావలి గురించి చెప్పాడు, నేను అనువాదం చేశాను. ఆ సంతోషంలో ఆ మాట ఎత్తబుద్ధి కాలేదు.

మే 21

రేపు.

మే 24, బుధవారం

లాబ్ నుంచి రీలు వచ్చింది. ఎడిటింగ్ గదిలో హెలెన్, నేను చూశాం. సుబ్బన్న కొట్టాడు, పరుగెత్తాడు, బ్యాటు ఆనించాడు. హెలెన్ కుర్చీలోంచి జారిపోయేలా నవ్వింది. అవుటై నా వైపు వస్తున్నాడు, దగ్గరికి, ఇంకా దగ్గరికి. కెమెరాలోకి చూసి ఏదో అన్నాడు. శబ్దం లేదు. ఆ వెంటనే బొమ్మ అటూ ఇటూ ఊగింది, రెండుసార్లు. రీలు అయిపోయింది.

"చివర కెమెరా కదిలింది. ఆ ముక్క కోసెయ్యి. మిగతాదంతా బంగారం" అంది హెలెన్. తను వెళ్ళిపోయాక మళ్ళీ వేసుకున్నాను. మళ్ళీ వేసుకున్నాను.

ఆయన పెదాలు చదవడానికి నాకు శబ్దం అక్కర్లేదు. ఆ మాట రెండు నెలలుగా రోజూ వింటున్నాను. ఫోనేమైనా వచ్చిందా. అలవాటు కొద్దీ అడిగాడు, శనివారం ఎవరు చేస్తారు. నా కన్ను కెమెరాకు అంటుకుని ఉంది. లేదని తల ఊపాను. నా తలతో పాటు కెమెరా ఊగింది.

ఆ షాట్‌లో నేను ఎక్కడున్నానో హెలెన్ అడగాల్సింది ఇప్పుడు.

సిగ్గేసింది. సినిమా కోసం కాదు. సినిమా కోసం అయితే మ్యాచ్ అయిన సాయంత్రమే చెప్పేవాణ్ణి. ఆయన వెళ్ళిపోతే పక్క గదిలో మళ్ళీ ఎవరూ ఉండరని చెప్పలేదు. అంతే. దానికి బ్రూక్లిన్ ఎందుకు, యాభై ఏడు ఎందుకు.

మే 25, గురువారం

సుబ్బన్న వచ్చాడు. బూట్లు విప్పలేదు. అడిగాడు.

"వచ్చింది అన్నా" అన్నాను.

ముఖం వెలిగిపోయింది. "ఎవరు? ఎప్పుడు?"

"మెల్‌బోర్న్ ఉద్యోగం. పోయిన సోమవారం చేశారు. నేనే చెప్పలేదు."

ఆయనకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. నంబరున్న చీటీ తీసుకుని ఫోన్ దగ్గరికి వెళ్ళాడు. సాయంత్రం అయిదు ఇంకా కాలేదు, ఏజెన్సీ ఆవిడ దొరికింది. అవునన్నాడు, థాంక్యూ అన్నాడు, మరొకటి ఉంటే చెప్పమన్నాడు. పెట్టేశాడు. మొన్న సోమవారం వేరేవాళ్ళు చేరిపోయారట.

తిడతాడనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను. సింకు దగ్గర నిలబడి టిఫిన్ బాక్సు కడిగాడు. కడిగిందే కడిగాడు.

"మ్యాచ్ కోసం ఆపినావా?"

"మ్యాచ్ కోసం కాదన్నా. నువ్వు పోతావని."

"ఒక్క మాట చెప్పుంటే శనివారం ఆట ఆడేసే పోయేవాణ్ణి కదరా. నీ రీలు సంగతి నాకు తెలవదా. మెల్‌బోర్న్ యాడికి పోద్ది?" గొంతు పెంచలేదు. "నీలిమకి ఏం చెప్పను? మా తమ్ముడు మర్చిపోయినాడని చెప్పనా?"

టీ పెట్టాను. తాగలేదు.

మే 29

సుబ్బన్న సెల్‌ఫోన్ కొనుక్కున్నాడు. ఏజెన్సీలకు ఆ నంబరు ఇచ్చుకున్నాడు. ఇంటికి రాగానే బూట్లు విప్పి తన గదిలోకి వెళ్ళాడు. ఏమీ అడగలేదు.

జూన్ 3

అడగలేదు.

జూన్ 11, ఆదివారం

మెల్‌బోర్న్‌లో స్నేహితుడింట్లో ఉండి వెతుక్కుంటానన్నాడు. బస్సు సాయంత్రం. సెంట్రల్ స్టేషన్ దాకా వస్తానంటే వద్దన్నాడు. కళావతి ఆంటీ పులిహోర కట్టిచ్చింది. "ఏంటి మీ ఇద్దరూ గొడవ పడ్డారా? చెప్పుకోండి, సరిపోతుంది" అంది. సరిపోయేది కాదని ఆంటీకి తెలియదు.

బ్యాటు క్లబ్బుది. గుమ్మం పక్కన ఆనించి వెళ్ళాడు. ట్రెవర్‌కి ఇచ్చెయ్యమని చీటీ కూడా రాయలేదు, ఇస్తానని ఆయనకు తెలుసు.

జూన్ 14

పక్క గది తలుపు మూసే ఉంచుతున్నాను. తీసి ఉంటే ఇంకా ఖాళీగా కనబడుతోంది.

అమ్మీ ఫోన్ చేసింది. ఎవరితో తింటున్నావు బేటా అని అడిగింది. ఫ్రెండ్‌తో అన్నాను. ఆగి, లేదు అమ్మీ, ఒక్కణ్ణే అన్నాను. అమ్మీ ఏడ్చింది. చదివేది సినిమా కోర్సు అని కూడా చెప్పేశాను. దానికి మాత్రం ఏడవలేదు, "మీ నాన్నకు అప్పుడే తెలుసు, ఆ పత్రికలు నీకు ఇచ్చిందే ఆయన" అంది.

ఆగస్టు 18, శుక్రవారం

మా సినిమాలు వేశారు. నాది రెండున్నర నిమిషాలు. చివర ఊగిన ముక్క కోయలేదు. హెలెన్ చాలా చెప్పి చూసింది. కోస్తే సినిమా బాగుంటుంది, నేను ఉండను అన్నాను. తనకు అర్థం కాలేదు, మార్కులు మాత్రం వేసింది. బ్యాటు ఆనించిన చోట హాలంతా నవ్వింది. ఊగిన చోట ఎవరో నిట్టూర్చారు, కెమెరా పట్టుకోవడం రాదనుకుని ఉంటారు.

ఎవరితోనూ ఆగకుండా ఇంటికి వచ్చాను.

ఆగస్టు 21

ట్రెవర్ దగ్గర సుబ్బన్న కొత్త అడ్రసు ఉంది. జులైలో ఉద్యోగం దొరికిందట, మెల్‌బోర్న్ శివారు డాండినాంగ్‌లో ఇల్లు తీసుకున్నాడట. ట్రెవర్‌కు చెప్పాడు. నా సినిమా ఎక్కించిన వీహెచ్ఎస్ క్యాసెట్ పోస్టు చేశాను. ఉత్తరం పెట్టలేదు. ఏం రాసినా సినిమాలో చెప్పినదానికన్నా తక్కువే అవుతుంది.

సెప్టెంబరు 3

ఏమీ రాలేదు.

సెప్టెంబరు 17, ఆదివారం

ఒలింపిక్స్ బేస్‌బాల్ మ్యాచ్‌కి వెళ్ళాను, మన పక్కనున్న బ్లాక్‌టౌన్‌లోనే. ఏప్రిల్‌లో పత్రికలు చూపించినప్పుడు కాదు, ఆ తర్వాతెప్పుడో సుబ్బన్నా నేనూ అనుకున్నాం, ఇద్దరం కలిసి చూడాలని. కొత్త పచ్చిక, కొత్త రంగు వాసన. కాగితం మీద చూసిన ఆట మొదటిసారి కళ్ళముందు అసలు మనుషులు ఆడుతుంటే చూశాను. కొట్టిన ప్రతివాడూ బ్యాటు కింద పడేసి పరుగెత్తాడు. ఒక్కడు కూడా పట్టుకుని పరుగెత్తలేదు. అంత మంచి ఆటలో నాకు అదొక్కటే లోటుగా తోచింది. పక్క సీట్లో ముసలాయన స్కోరు రాసుకుంటున్నాడు, ఆయన్ను పలకరించాను. ఆయన బాగానే మాట్లాడాడు.

ఇంటికొచ్చి తాళం తీస్తుంటే లోపల ఫోన్ మోగుతోంది. పరుగెత్తాను.

"నేను" అన్నాడు సుబ్బన్న.

తాళం చెవి చేతిలోనే ఉంది, అలాగే నేల మీద కూర్చున్నాను.

"క్యాసెట్ వచ్చి మూడు వారాలైంది. వీసీఆర్ లేదు. నీలిమ మొన్ననే వచ్చింది, ఆమె కోసం కొన్నా. ఇందాకే చూసినాం."

"వదిన వచ్చిందా?"

"ఆఁ. బ్యాటు ఆనించిన కాడ నవ్వీ నవ్వీ పొలమారింది. చివర్లో కెమెరా ఎందుకు అట్టా ఊగింది అని అడిగింది."

"ఏం చెప్పావన్నా?"

"గాలి అని చెప్పినా." గొంతు తగ్గించాడు. "నీ మీద కోపం పోయిందని అనుకోవద్దు. పోలేదు. ఇక్కడ కూడా ఒక క్లబ్బు ఉంది, వెళ్తున్నా. ఇంకా బ్యాటుతోనే పరిగెత్తుతున్నా."

తర్వాత వదిన మాట్లాడింది. ఒకసారి రమ్మంది, హలాల్ కొట్టు ఇంటి పక్కనే ఉందంది. మళ్ళీ ఆయన అందుకున్నాడు. ఇవాళ్టి మ్యాచ్ గురించి అడిగాడు, ఇన్నింగ్స్ వారీగా చెప్పాను. ఫోన్ కార్డులో నిమిషాలు అయిపోతున్నాయన్నాడు. పెట్టేసే ముందు అడిగాడు.

"ఫోనేమైనా వచ్చిందా అబ్బయ్యా?"

"వచ్చింది అన్నా" అన్నాను. ఈసారి తల ఊపలేదు, నోటితోనే చెప్పాను.